మిషనోళ్ళ చెవులు

మా ఇంట్లో ఒక్క రహస్యమూ నిలవదు. చంద్రగిరిలో మాకు పిండి మర ఉంది. ఊళ్ళో దాన్ని మిషను అంటారు, మమ్మల్ని మిషనోళ్ళు అంటారు. ముందు గదిలో మిషను, వెనక రెండు గదుల్లో మేము. పొద్దున మోటారు వేస్తే పొద్దుగూకేదాకా ఆగదు, కరెంటు పోతే తప్ప. ఆ గోలలో పుట్టి పెరిగాం కనక అన్నంలోకి ఉప్పు కావాలన్నా ఎదురింటికి వినబడేలా అరుస్తాం. నేను ఇంటర్లో లెక్కలు తప్పినప్పుడు అమ్మ ఆ సంగతి నాయనకు గుట్టుగా చెప్పింది. పావుగంటలో పక్కింటావిడ వచ్చి నన్ను ఓదార్చి వెళ్ళింది.

ఇప్పుడు నేను తిరుపతిలో ఒక బడిలో టీచర్ని. నా తరగతిలో ఏ బిడ్డా కునుకు తీయలేదు. ఒకరోజు హెడ్మాస్టరు నన్ను పిలిచి, "మేడం, మీరు మీ తరగతికి మాత్రమే పాఠం చెబితే బాగుంటుంది" అన్నాడు. పక్క తరగతి పిల్లలు గోడ అవతల నుంచి నా ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారట. తిరుచానూరులో అమ్మవారి ముందు నిలబడి నా కోరిక మనసులోనే చెప్పుకున్నాననుకున్నాను. ముందున్న ముసలమ్మ వెనక్కి తిరిగి, "నీకు ట్రాన్స్‌ఫర్ వస్తాదిలే అమ్మణ్ణీ, దిగులు పడొద్దు" అని దీవించింది.

ఇంత గొంతులున్నా మిషను ముందు మా ఆటలు సాగవు. అక్కడంతా చేతి సైగలే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిని నలిపితే పిండి మెత్తగా ఆడించాలి. రెండు వేళ్ళు చూపితే రెండుసార్లు వెయ్యాలి. సైగలు రాని కొత్తవాళ్ళు నోటితో చెబితే నాయన వాళ్ళ పెదాలు చూసేవాడు. ముప్పై ఏళ్ళుగా అలా చూసీ చూసీ, మోటారు ఆగాక కూడా ఆయన పెదాలే చూస్తున్నాడని మాకెవరికీ తెలియలేదు. ఇంకా తమాషా ఏమిటంటే ఆయనకూ తెలియదు.

బయటపడింది కరోనా కాలంలో. బడి మూసేశారు, నేను ఇంట్లోనే ఉన్నాను. ఊరంతా మూతులకు మాస్కులు కట్టుకుంది. రెండు రోజుల్లోనే నాయన మొహం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"జనాలు శానా మారిపోయినారు అమ్మణ్ణీ. రోగం భయానికి గొంతు కూడా దాసి పెట్టుకుంటా ఉండారు."

అప్పట్నుంచీ వచ్చిన ప్రతివాణ్ణీ "మూతిగుడ్డ తియ్యప్పా, ఇనపడలే" అని గద్దించేవాడు. తీసినవాళ్ళు మిషనులో ఆడే మిరపకాయల ఘాటుకు తుమ్మేవాళ్ళు. తుమ్ము వినగానే మిగతావాళ్ళు సంచులు అక్కడే వదిలేసి పరుగో పరుగు. ఒకరోజు పంచాయతీ నుంచి ఒకాయన మాస్కుల గురించి మమ్మల్ని హెచ్చరించడానికి వచ్చాడు. మాస్కు లోపలి నుంచే, చూపుడువేలు ఆడిస్తూ పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాడు. నాయన ఓపిగ్గా చూశాడు, చూశాడు, చివరికి ముందుకు వంగి ఆయన మాస్కును రెండు వేళ్ళతో గడ్డం కిందికి లాగి, "ఆఁ, ఇప్పుడు సెప్పు సామీ" అన్నాడు. ఆయన చెప్పలేదు. తుమ్మాడు. వరసగా ఏడు తుమ్ములు. మా నాయన మిరపకాయ ఘాటును పక్కవాళ్ళ తుమ్ములతోనే కొలుస్తాడు, ఎందుకంటే ఆయన ముక్కు తుమ్మడం మానేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. "కాయ మంచిదే" అని ఆ మిరపకాయలు తెచ్చినావిడను మెచ్చుకున్నాడు.

మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. తరువాత మాస్కులు పోయాయి గానీ నాయన తీరు మారలేదు.

ఒక ఆదివారం ఇద్దరం కూరగాయలకు బయల్దేరాం. నా చెప్పు తెగి నేను వెనకబడ్డాను. ఆయన నడిరోడ్డు మీద తాపీగా, సొంత పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడుస్తున్నాడు. వెనక నుంచి బస్సు హారన్ ఆపకుండా కొట్టుకుంటూ వస్తోంది. నేను అరిచాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, రోడ్డు పక్కన పడుకున్న కుక్కలు లేచి పారిపోయాయి. టీ అంగట్లో జనం గ్లాసులతో సహా బయటికి వచ్చారు. నాయన మాత్రం తిరగలేదు. డ్రైవరు బ్రేకు తొక్కి, ఆయన వీపుకు మూరెడు దూరంలో బస్సు ఆపి, కిందికి దిగి ముందుకొచ్చి నానా తిట్లూ తిట్టాడు. నాయన ఆయన మూతి చూసి ఒక్క తిట్టూ పోకుండా అర్థం చేసుకున్నాడు.

"హారన్ కొట్టకుండా మీదికి వచ్చేసి, మళ్ళా నన్నే అంటావా?" అని ఎదురు తగులుకున్నాడు.

బస్సులో జనం నవ్వారు. నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఇలాగే వదిలేస్తే ఈ మనిషి ఏదో ఒకరోజు కూరగాయలకని వెళ్ళి ఇంటికి రాడు. ఆ భయం నన్ను మళ్ళీ వదల్లేదు.

డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయనకు పౌరుషం. "నా సెవులకేమి? మిషను రాయి అరిగితే సప్పుడు ఇని సెప్పేస్తాను" అన్నాడు. అబద్ధం. మిషను మీద అరచెయ్యి ఆనించి, అదురును బట్టి చెబుతాడు. నేను కళ్ళారా చూశాను. నాకు ఒళ్ళు మండి, "నువ్వు పరీక్షకు వచ్చేదాకా నీతో మాట్లాడను" అని ఒట్టు పెట్టుకున్నాను. రెండు రోజులు నోరు కట్టేసుకున్నాను. నాకది ఎంత కష్టమో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మూడో రోజు నాయన కులాసాగా వచ్చి నా పక్కన కూచుని టీ తాగాడు. నేను మాట్లాడటం లేదన్న సంగతే ఆయన గమనించలేదు.

చివరికి ఊళ్ళో కళ్యాణ మంటపంలో ఉచిత వైద్య శిబిరం పెడితే, షుగరు పరీక్ష అని చెప్పి లాక్కుపోయాను. చెవుల పరీక్షకు ఒక వ్యాను ఉంది. అందులో చిన్న గాజు గది. నాయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమంది పరీక్ష చేసే అమ్మాయి. తను గాజుకు ఇవతల యంత్రం ముందు కూచుంది. నాయన టకటకా నొక్కేశాడు.

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "మీ నాన్నగారివి పసిపిల్లల చెవులండీ! నాకే వినబడనంత చిన్న శబ్దం కూడా పట్టేశారు" అంది.

నాయన మీసం దువ్వుకుంటూ వ్యాను దిగాడు. లైనులో ఉన్న ప్రతివాడి భుజమూ తట్టి, "పసిబిడ్డ సెవులంటప్పా నావి!" అని చెప్పుకొస్తున్నాడు. నేను మాత్రం పరీక్ష జరిగినంతసేపూ తలుపు దగ్గర నిలబడి అంతా చూశాను. ఆ అమ్మాయి యంత్రం నొక్కే ముందు ప్రతిసారీ కుడి భుజం పిసరంత లేపుతుంది. నాయన కళ్ళు ఆ భుజం మీదే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు సైగలతో బతికిన మనిషి ముందు భుజం ఎగరేస్తే ఊరుకుంటాడా? పాపం, ఆయన మోసం చెయ్యలేదు. ఆయనకు వినడమంటే అదే.

నిజం చెబుతున్నాను, నాకు నోరు విప్పబుద్ధి కాలేదు. ఆయన్ను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో. కానీ ఆ బస్సు కళ్ళ ముందు ఆగింది. లోపలికి వెళ్ళి, "కుర్చీ గోడ వైపు తిప్పి ఇంకోసారి చెయ్యమ్మా" అన్నాను. నాయనతో మాత్రం, యంత్రం సరిగ్గా లేదట, మళ్ళీ కూర్చోవాలట అని చెప్పాను. "మిషను అన్నాక రిపేర్లు ఉంటాయిలే" అని తోటి మిషను మనిషిగా ఆ అమ్మాయిని ఓదార్చి మళ్ళీ కూచున్నాడు.

ఈసారి నేను ఆయన బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను. మోటారు లాంటి బొంగురు శబ్దాలకు, అవీ బాగా పెంచాక, రెండు మూడుసార్లు కదిలింది. ఆ తరువాత కదల్లేదు. ఆ అమ్మాయి పెంచుతూ పోయింది. గాజు బయట ఉన్న నాకే సన్నగా కూత వినబడుతోంది. ఆయన బొటనవేలు మీట మీద అలాగే ఉంది. హోంవర్కు రాయని పిల్లాడి కోసం కాచుకున్నట్టు దాని కోసం కాచుకున్నాను. అది లేవలేదు.

హెడ్‌ఫోన్లు తీశాక నాయన విసుక్కున్నాడు. "నడమ అంతసేపు ఊరికే కూసోబెట్టినావేమ్మా? అవతల జనం కాసుకోనుండారు."

నాకు ఏడుపొచ్చేసింది. ఆ అమ్మాయి ఆయనకు ఎదురుగా వచ్చి, నెమ్మదిగా, పెదాలు కనబడేలా చెప్పింది. చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయట, ఏళ్ళ తరబడి గోలలో ఉంటే అవి రాలిపోతాయట.

"తల మీదే లేవు, సెవిలో యాడుండాయమ్మా?" అన్నాడు నాయన.

"కొండ మీద ఇచ్చిన వెంట్రుకలైతే మళ్ళీ మొలుస్తాయి. ఇవి మొలవవు. ఉన్నవైనా కాపాడుకోండి" అంది. నాయన నవ్వబోయి ఆగిపోయాడు.

నెల తిరక్కుండా చెవి మిషను పెట్టించాం. అది పెట్టుకున్నప్పుడు మర దగ్గరికి వెళ్ళకూడదని, వెళ్తే అది తీసేసి చెవులు మూసే కప్పులు పెట్టుకోవాలని పదిసార్లు చెప్పి పంపారు. బస్టాండు నుంచి ఇంటిదాకా నాయన కొత్త పెళ్ళికొడుకు. కాకి అరిస్తే ఆగాడు. "నా సెప్పులు కిర్రుమంటా ఉండాయే! ఇన్నాళ్ళూ నువ్వు సెప్పలేదేమి?" అని నన్ను తగులుకున్నాడు. వెనక హారన్ కొడితే ఎగిరి కాలువ గట్టు మీదికి దూకాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి చేరేసరికి అమ్మ రాగులు ఆడిస్తోంది. నేను వద్దు వద్దంటున్నా వినకుండా, చెవి మిషనుతోనే తిన్నగా లోపలికి నడిచాడు. గడప దాటాడో లేదో, ఎవరో కొట్టినట్టు వెనక్కి తూలి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అలాగే గోడకు భుజం ఆనించుకుంటూ వెళ్ళి, మోచేత్తో స్విచ్చి ఆపేశాడు. బెల్టు టపటపా కొట్టుకుని ఆగింది. గది నిశ్శబ్దమైంది. నాయన కళ్ళ నిండా నీళ్ళు. మిరపకాయల ఘాటు అనుకుందామంటే అవి రాగులు.

"ఏమే, ఇంత గోలలోనా ఇన్నేండ్లు నిన్ను కూసోబెట్టినాను నేను?"

అమ్మ అటు తిరిగి డబ్బాలోకి పిండి ఊడుస్తోంది. పలకలేదు. నాయన ఇంకోసారి అడిగాడు. మూడోసారి భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"ఏంది గొణుగుతా ఉండావు?" అంది అమ్మ. "కొంచెం గట్టిగా సెప్పయ్యా."