బాయిలర్ గదికి కిటికీ

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా ఒక జూన్ నెలలో నన్ను డెప్యుటేషన్ మీద టెక్కలికి పంపారు. అక్కడి కాలేజీలో నౌకాదళ శిక్షణ పొందే విద్యార్థులకు, అంటే నావల్ క్యాడెట్లకు, ఓడల నమూనాలు కట్టడం నేర్పాలి. నా హోదా షిప్ మోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్. అది యూనిఫారం లేని పౌర ఉద్యోగం. ర్యాంకూ లేదు, ఎవరూ సెల్యూట్ చెయ్యనక్కర్లేదు. అందరూ మాస్టారూ అనేవారు, అంతే. బొమ్మ ఓడలు చేస్తే జీతమిస్తారా అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇచ్చారు, ఇప్పుడు పెన్షన్ కూడా ఇస్తున్నారు.

ఆ ఏడు మేము ఎంచుకున్నది డెబ్బై ఒకటి యుద్ధంలో బంగాళాఖాతంలో తిరిగిన ఒక ఫ్రిగేట్. అంటే మధ్యరకం యుద్ధనౌక, ఆవిరితో నడిచేది. అసలు ఓడ తుక్కుగా మారి చాలా కాలమైంది. మిగిలిన డ్రాయింగులనూ ఫొటోలనూ బట్టి నూరో వంతు కొలతలో నమూనా కట్టాలి. ముందు అడుగున కీల్ అనే పొడవాటి దూలం నిలబెట్టి, దానికి అడ్డంగా ఫ్రేములు అతికించి, వాటిమీద పల్చటి చెక్కబద్దలు పరుస్తాం. ఆపైన పుట్టీ, గరుకు కాగితం, మళ్లీ పుట్టీ, చివరికి బూడిదరంగు. డిసెంబరులో, ఆ యుద్ధం గెలిచిన విజయ దినం నాడు, కాలేజీలో మాజీ సైనికులకు సన్మానం జరిగేది. నమూనాను ముందు అక్కడ ప్రదర్శించి, తర్వాత రాష్ట్రస్థాయి పోటీకి పంపాలి. పోటీ నిబంధన ప్రకారం ఓడ పొట్ట నలువైపులా మూసి ఉండాలి. న్యాయనిర్ణేతలు పైపనితనం మాత్రమే చూస్తారు. పైపనితనంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

సన్మానం ఏర్పాట్లు మాట్లాడటానికి ఫాల్గుణరావుగారని ఒక రిటైర్డ్ హవల్దారు వచ్చారు. అదే యుద్ధంలో నేలమీద పోరాడినవారు, పెద్ద గొంతు మనిషి. సగం కట్టిన ఓడను చూసి నవ్వారు. “ఈ ఓడలోనే మా బావ పన్జేసినాడు మాస్టారూ. యుద్ధమంతా అడుగున నిద్దరోయి ఒచ్చినాడు” అన్నారు. చెల్లెలి భర్తను ఆటపట్టించడం ఆయనకు సరదా. ఆ ఓడలో పనిచేసిన మనిషి ఒకరు దగ్గర్లోనే ఉన్నారని వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

నవంబరులో రంగు ఆరాక ఓడను పెట్టెలో సర్దుకుని, జీపులో అక్కుపల్లి దగ్గర ఆ బావగారి ఊరికి వెళ్లాను. పేరు కూర్మారావు. నౌకాదళంలో స్టోకర్, అంటే బాయిలర్ గదిలో మంటనూ నీటినీ ఆవిరినీ కనిపెట్టుకుని ఉండే నావికుడు. జీడితోట పక్కనే ఇల్లు. ముందురోజే పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వచ్చారట, నీరసంగా ఉన్నారు. అరుగుమీద ఓడను పెట్టగానే లేచి దాని చుట్టూ తిరిగి చాలాసేపు చూశారు. మెప్పు కోసం నిలబడ్డాను.

“శానా బాగుంది మాస్టారూ. గానీ ఈ ఓడ నానెరగను” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తప్పెక్కడుందో చూపించమన్నాను. తప్పేమీ లేదన్నారాయన. జెట్టీ దగ్గర ఎక్కడం, నిచ్చెన దిగి బాయిలర్ల మధ్యకు పోవడం, అంతే తెలుసట. యుద్ధం జరిగినన్ని రోజులూ పని అక్కడే. ఫిరంగులు పేలితే అడుగున అదురు తెలిసేది తప్ప, ఏది ఎటు పేలిందో తెలిసేది కాదట.

ఆయన భార్య దమయంతిగారు మజ్జిగ ఇస్తూ అసలు సంగతి చెప్పారు. “ఏటేటా సన్మానానికి పిలుత్తారు, ఈయనెల్లరు. ఏటీ సూడనోణ్ణి ఏటి సెప్పాల అంటారు. మా అన్నయ్యేమో నలుగుర్లో ఎకసెక్కాలాడతాడు. ఈ పాలి ఎల్లాలనుంది ఈయనకి. ఒచ్చే ఏటికి ఒంట్లో ఎలాగుంటాదో మరి.”

కూర్మారావుగారు ఓడ పొట్టమీద వేలు పెట్టారు. “మా గది ఇక్కడుంటాది. అగుపడేటట్టు సెయ్యగలరేటండీ?”

కుదరదని ముఖం మీదే చెప్పేశాను. పక్క కోస్తే పోటీకి పనికిరాదు, క్యాడెట్ల నెలల శ్రమ మట్టిపాలవుతుంది. ఆయన ఓడమీంచి వేలు తీసేశారు. నేను జీపెక్కాను గానీ మనసు కుదుటపడలేదు. నా సర్వీసులో ఎన్నో యుద్ధనౌకలు కట్టాను, అన్నీ లోపల ఖాళీవే. ఫిరంగి గొట్టాలూ తాళ్లూ జెండా కర్రా అన్నీ అమర్చాను గానీ, ఓడను నడిపిన మనుషులకు ఎక్కడా చోటు పెట్టలేదు. అది తప్పని అంతవరకూ నాకు తోచనే లేదు.

కాలేజీలో క్యాడెట్ల బాధ్యత చూసే లెఫ్టినెంటు గారు, ఓడ పిల్లలది కాబట్టి వాళ్లనే అడగమన్నారు. అడిగాను. కొందరు ముఖాలు మాడ్చుకున్నారు, గట్టిగా వాదన జరిగింది. చివరికి “కోసెయ్యండి మాస్టారూ” అన్నదీ వాళ్లే. ఆ మాటకు ఈ రోజుకీ వాళ్లకు కృతజ్ఞుణ్ణి.

రెండు ఫ్రేముల మధ్య సన్న రంపంతో చెక్క కోశాను. నేనే నునుపు చేసిన చెక్క అది. డయాలసిస్ లేని రోజుల్లో కూర్మారావుగారు టెక్కలి వచ్చి నా బల్ల పక్కన కూర్చునేవారు. ఆ గది డ్రాయింగు మా దగ్గర లేదు. కొలత అడిగితే ఆయన అడుగుల్లో చెప్పలేదు. చెయ్యి చాస్తే వాల్వు అందేదని, తల తిప్పితే బాయిలర్లో నీటిమట్టం చూపే గాజుగొట్టం కనబడేదని చెప్పేవారు. నేను ఆయన చేతికి టేపు పట్టి, నూరో వంతుకు తగ్గించుకున్నాను. బాయిలర్లు, పైపులు, పైకి వెళ్లే నిచ్చెన, దాని పైన డెక్కులో ఇనప మూత. పనితనం కనబడుతుందని ఆ మూతను తెరిచి అతికించాను. ఆయన ఒప్పుకోలేదు. “యుద్ధంలో అది మూసే ఉంటాది మాస్టారూ” అన్నారు. గొణుక్కుంటూనే ఊడదీసి మూసి అతికించి, కోసిన చోట అద్దం బిగించాను.

విజయ దినం నాడు ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి నమూనా పక్కన నిలబడ్డారు. ఫాల్గుణరావుగారు పతకాలన్నీ పెట్టుకుని వచ్చారు. కళ్లజోడు సర్దుకుని అద్దంలోంచి తొంగిచూసి, ఓడకు దెబ్బ తగిలి గదిలోకి నీళ్లొస్తే ఈ మూత తీసుకుని పైకి వచ్చేస్తారా అని అడిగారు.

“ఆర్డరు రాకుండా తియ్యకూడదు బావా. తీత్తే ఆ నీరు ఓడంతా పాకిపోద్ది. ఓడ బతకాలంటే మా గది మూసే ఉండాల.”

“మరి లోపలున్న మీరు?”

“లోపలే.”

హవల్దారుగారి గొంతు తగ్గిపోయింది. “ఇన్నేళ్లయినా ఈ మాట నాకు సెప్పనేదేటి బావా?”

“యుద్ధంలో ఏటి సూసినావనే అడిగినావు. ఎక్కడున్నావని అడగనేదు కదా.”

ఫాల్గుణరావుగారు వెళ్లి ఒక కుర్చీ తెచ్చి బావను కూర్చోబెట్టారు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ మూత సంగతి వివరించింది ఆయనే, ఓడను తానే కట్టినంత ధీమాగా. దమయంతిగారు మాత్రం అద్దం దగ్గరనుంచి కదల్లేదు. కాసేపటికి నాతో నెమ్మదిగా అన్నారు: “మా పెళ్లయిన కాణ్ణుంచి ఈయన ఇంట్లో ఏ గది తలుపూ ఎయ్యనివ్వరు మాస్టారూ. వానొచ్చినా, సలేసినా అంతే. ఎందుకో ఇయ్యాల తెలిసింది.”

ఆ నమూనా పోటీకి వెళ్లలేదు. కూర్మారావుగారు మరుసటి డిసెంబరుకు కూడా వచ్చారు, వేదికమీద మాట్లాడారు కూడా. మిగిలిన సర్వీసులో నేను పోటీల కోసం మూసిన ఓడలూ కట్టాను, నిబంధన నిబంధనే కాబట్టి. అయితే ఏ ఓడకైనా డ్రాయింగు పరిచేముందు, దానిలో పనిచేసిన మనిషి ఎవరైనా ఉన్నారేమో వెతికేవాణ్ణి. దొరికితే, మీరెక్కడ నిలబడేవారు అన్నదే మొదట అడిగేవాణ్ణి. ఆ చోటు చెప్పగలిగినవాళ్లకు మిగతా యుద్ధం చెప్పడం కష్టం కాలేదు.