ఫోటోకి పనికిరాని పూలజడ

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను చోడవరం దగ్గర ఒక పల్లెలో బాలవాడీ టీచరును. పిల్లల సేవకని విదేశం నుంచి వచ్చిన ఒక అమ్మాయి రెండు నెలలు మాతో పనిచేసింది. ఆమె ఇంగ్లీషును తెలుగులో చెప్పడం కూడా నా పనే.

వెళ్లేముందు పిల్లలకు ఫోటోలు తీస్తానంది. ఫోటో అంటే మా వైపు పూలజడ వేయవలసిందే. చెరకు నరికే అప్పలమ్మ ఆ పూట పని మానుకుని, ఐదేళ్ల కూతురు నూకాలుకి మల్లెమొగ్గల జడ కుట్టింది. పక్కింటివాళ్ల పట్టుగౌను అడిగి తెచ్చి తొడిగింది.

"జడ అగుపడాల, అటు తిరగవే" అని కూతుర్ని కెమెరాకు వీపు పెట్టి నిలబెట్టింది.

ఆ అమ్మాయి మొహం చిట్లించింది. "ఇలా ఉంటే మా దేశంలో ఎవరూ సాయం చేయరు. రోజూ వేసుకునే చిరుగు గౌను వేసి, జుట్టు విప్పించు" అంది.

ఆమెకు కావలసింది పిల్ల కాదు, పిల్ల చిరుగులు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ మాటే తెలుగులో చెప్పి, గౌను మార్పించి, జడ నా చేతులతోనే విప్పాను. నూకాలు ఏడ్చింది. ఆ ఏడుపు బాగుందని ఆమె గబగబా ఫోటో తీసుకుంది.

అప్పలమ్మ రాలిన మొగ్గలు కొంగులోకి ఏరుకుంటూ నాకేసి చూసింది.

"ఆ దొరసానమ్మకి మన సంగతులు తెల్దు. నీకు తెలుసు గదా టీచరమ్మా. నువ్వెలాగ ఇప్పేసేవు?"

ఆ విదేశీ అమ్మాయి పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు. తర్వాత ఎంతమంది పిల్లలకో పూలజడలు కుట్టాను. విప్పడానికి మాత్రం మళ్లీ నాకు చేతులు రాలేదు.