అంచుకు గంజి

మొక్కల నుంచి తీసిన సన్నని పోగులతో వంగే, మడతపడే ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తున్నారని మొన్న పేపర్లో చదివి నవ్వుకున్నాను. డెబ్భైల చివర్లో మట్టెవాడలో నేను రోట్లో దంచింది కూడా ఇంచుమించు అదే సరుకు. కాకపోతే నా పోగులు లావు, తెలివి సన్నం.

మాది మగ్గం ఇల్లు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని బాపు రోజూ తిట్టేవాడు. తిట్టినకొద్దీ నేను రేడియో రిపేరు దుకాణానికి పారిపోయేవాణ్ణి. చివరికి ఆయన నాకోసం రెండో మగ్గానికి పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించి గడువు పెట్టాడు. ఆదివారంలోగా ఒక్క రేడియోనన్నా నా చేత్తో పలికిస్తే సరే, లేకపోతే ఇక మగ్గమే.

దుకాణం యజమాని స్పీకరును ఎలుకలు కొరికిన రేడియో ఒకటి నా ముందు పడేశాడు. ఇంటికి తెచ్చుకున్నాను. తీగచుట్ట బాగానే ఉంది, గరాటులా ఉండే కాగితమే పోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. ఆగడం నాకు చేతకాదు. పాత కాగితం, జనపనార, నూలు పీచు నానబెట్టి దంచి, ఇంట్లో గరాటు మీద పరిచాను. ఆరిందా లేదా అని మాటిమాటికీ నొక్కి రెండు చెడగొట్టాను. మూడోది నిలిచింది. దానికి పడుగుకు పట్టించినట్టే అంతటా గంజి పట్టించి, ఆరాక స్పీకరుకు బిగించాను. కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు వినిపించింది. అప్పటికే శనివారం.

ఏడుపొచ్చింది. స్పీకరును విసిరికొట్టబోతుంటే, గంజి కుంచె కడుగుతున్న అమ్మ దాన్ని లాక్కుని అంచు చుట్టూ వేలు పోనిచ్చింది.

"పడుగుకైతే అంతటా గంజి గావాలె. ఇది ఊగాలె గద బిడ్డా, అంచుకెందుకు పెట్టినవు?"

తడిగుడ్డతో అంచు గంజంతా తనే తుడిచి, నూనె వేలితో ఒకసారి రాసింది. మర్నాడు పొద్దుటిదాకా నన్ను ముట్టనియ్యలేదు. నేను వాకిట్లోకి, ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున రేడియోలో వార్తలు ఒక్కో మాటా విడివిడిగా వినిపించాయి. బాపు మగ్గం ఆపి చివరిదాకా విన్నాడు.

"రేపటి సంది మగ్గం కాడికి రాకు," అన్నాడు.

నేను కోరుకున్నది అదే. కానీ ఆయన లేచి, నాకోసం పడుగెక్కించిన రెండో మగ్గం మీద పాత దుప్పటి కప్పి, నాలుగు మూలలూ సర్దాడు. నేను గడపలోనే నిలబడిపోయాను. అంతసేపు కదలకుండా నేను ఎప్పుడూ నిలబడలేదు.