నడిచి వెళ్లిన తువ్వాల

అమీర్‌పేటలో మాది జిరాక్స్ దుకాణం. కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లలకు కోర్సు మెటీరియల్ ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తాం. ఇరవై రెండేళ్లు మెషీన్ పక్కన నిలబడ్డాక, పంజాగుట్టలో ఒక డాక్టరు నా రిపోర్టు చూసి షుగరు మొదలైందని చెప్పాడు. రోజూ ముప్పావుగంట నడవమన్నాడు. అప్పటికి నాకు యాభై ఒకటి.

పొద్దున్నే మెట్రో స్తంభాల కింద పంజాగుట్ట దాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. నెల తిరిగేసరికి ఒక సంగతి తెలిసింది. నడవడం నాకు ఇష్టమే, వెనక్కి రావడమే నచ్చడం లేదు. రోజూ అదే చౌరస్తాలో, అదే బట్టల దుకాణం ముందు, ఏదో మరిచిపోయిన మనిషిలా గిర్రున తిరగడం నాకే చిన్నతనంగా ఉండేది. ఒక సెలవురోజు తిరగలేదు. సాయంత్రానికి మొయినాబాద్‌లో ఉన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన "ఆడేం పని నీకు?" అన్నాడు. పనేం లేదన్నాను. "తిన్నవా?" అన్నాడు. ఆ తర్వాత నా నడక గురించి ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఛార్జర్ పెట్టుకున్నావా అని మాత్రం అడుగుతాడు.

అట్లా మొదలైంది. వికారాబాద్‌కు మూడు రోజులు, నాగార్జునసాగర్‌కు తొమ్మిది రోజులు. పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు బస్సు. నా వీపు సంచి మా గల్లీలో మూతపడ్డ ఒక కోచింగ్ సెంటరు వదిలేసి పోయింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'ఉద్యోగం గ్యారంటీ' అని ఉంటుంది. లోపల దుప్పటి, కింద పరుచుకోవడానికి తప్పు అచ్చైన ఒక ఫ్లెక్సీ, అటుకులు, స్టీలు గ్లాసు, షుగరు మాత్రలు. మొత్తం కలిపి నాలుగు రీముల కాగితం బరువు. అది నాకు అలవాటైన బరువే.

రోడ్డు మీద సంచి వేసుకుని నడిచే ఆడమనిషికి ఒక కారణం ఉండాలి. ఏ ఊళ్లో ఆగినా మొక్కు ఏ దేవుడికని అడిగేవాళ్లు. మేం చర్చికి పోయేవాళ్లం, మొక్కేం లేదు, ఊరికే నడుస్తున్నానని నిజం చెబితే, ఎవరో ఒకామె నన్ను పక్కకు తీసుకుపోయి ఇంట్లో గొడవైందా అని మెల్లగా అడిగేది. సంచి మీద రాత చదివి, తమ బిడ్డ డిగ్రీ అయిపోయి రెండేళ్లైందని చెప్పినవాళ్లూ ఉన్నారు.

మూడో ప్రయాణానికి నాకు తోడు దొరికింది. కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు, నాకంటే ఆరేళ్లు పెద్ద. భీమవరం వైపు నుంచి సినిమాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది. తన ఫోటోలు ప్రింటు తీయించుకోవడానికి మా దుకాణానికి వచ్చేది. ఆ ఫోటోల్లో ఒకే మనిషి అత్తగారిగా, కూరగాయలమ్మగా, నర్సుగా, పెళ్లిలో కూర్చున్న బంధువుగా. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నా ప్రయాణాల సంగతి విని, "నేను రోజుకి పన్నెండు గంటలు ఎండలో నిలబడతాను. నడవడం దానికంటే తేలికే కదా?" అంది. శివరాత్రికి ఇరవై రోజుల ముందు ఇద్దరం శ్రీశైలం రోడ్డు పట్టాం. శ్రీశైలం దాకా కాదు. డిండి చెరువు దగ్గర చేపలు తిని బస్సెక్కాలని మా పథకం.

ఆమె నడక బాగుంది. ఇబ్బంది ఆమె నోటితోనే. ఎవరైనా అడిగితే నిజం చెప్పడం ఆమెకు చేతకాదు. కడ్తాల్ దగ్గర మేం టీచర్లం, ఆమనగల్లులో వియ్యపురాళ్లం. నిజం చెప్పి నేను అనుమానాలు సంపాదిస్తే, అబద్ధం చెప్పి ఆమె పడుకోవడానికి చోటు, తినడానికి అన్నం సంపాదించేది. అందుకని నేను గట్టిగా వద్దనలేదు.

వెల్దండ దాటిన తర్వాత ఒక ఊళ్లో, సాయంత్రం ఒక ఇంటి ముందు మంచినీళ్లు అడిగాం. ఇంటావిడ అరుగు మీద కూర్చోమని జొన్నరొట్టెలు పెట్టింది. వాకిట్లో మంచం మీద ఆమె భర్త గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"యాడికి పోతున్రక్కా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అక్క మొదలుపెట్టింది. "శ్రీశైలానికమ్మా. మా చెల్లి వాళ్లాయనకి గుండె ఆపరేషన్ అయింది. బతికితే నడిచొస్తానని మొక్కుకుంది."

అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. టోనర్ డబ్బా ఎక్కడ పెట్టావని అడిగాడు. మెషీన్ చప్పుడులో ఉన్నాడేమో, గట్టిగా అరిచినట్టే అడిగాడు. కింది అరలో ఉందని చెప్పి పెట్టేశాను.

"వాళ్లాయనే. ఇవాళే లేచి కూర్చున్నాడంట," అంది అక్క.

ఇంటావిడ నా ఫోన్ వైపు ఒకసారి చూసింది. నాకు ఇంకో రొట్టె వేసింది.

రాత్రి ఆ అరుగు మీదే పడుకుని తెల్లారి బయలుదేరుతుంటే, ఇంటావిడ మడత పెట్టిన ఒక తువ్వాల తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్ర అంచు తువ్వాల, బాగా వాడింది. "మా ఆయన ఏటా శివరాత్రికి నడిచిపోయేటోడు. రెండేండ్ల కింద ట్రాక్టర్ మీదికెల్లి పడ్డడు, తుంటి బొక్క ఇరిగింది. ఇగ నడువరాదు. ఆయన బదులు గిది పోతది. పాతాళగంగల ముంచి, గుడి సూపెట్టి తేండ్రి."

మంచం మీద మనిషి మొదటిసారి మావైపు తిరిగాడు. "బస్సుల ఏస్కపోతరు వీండ్లు," అన్నాడు భార్యతో.

"పోరు," అందామె. మమ్మల్ని అడగలేదు.

రోడ్డెక్కాక అక్కను ఆపాను. "నువ్వే చెప్పినవ్, నువ్వే మొయ్యి," అని తువ్వాల ఆమె సంచిలో పెట్టబోయాను.

"చెప్పింది నీ మొగుడి గురించి కదా, నువ్వే మొయ్యి," అంది.

ఆ రోజంతా ఒకరి వెనక ఒకరం నడిచాం. తువ్వాల నా దగ్గరే ఉంది.

డిండిలో చేపలు తిన్నాం. బస్సు వచ్చింది, హైదరాబాద్ బోర్డుతో, సీట్లు ఖాళీగా. అక్క ఎక్కుతుందనుకున్నాను. ఆమె బస్సువైపు చూసి, చేతులు చీరకు తుడుచుకుంది.

"ఇరవై ఏళ్లుగా వెనక వరసలో నిలబడుతున్నాను. నా మాట నమ్మి ఎవరూ ఏదీ ఇవ్వలేదు," అంది. "నువ్వెళ్తే వెళ్లు. ఆ తువ్వాల ఇటివ్వు."

నేను ఇవ్వలేదు. బస్సు వెళ్లిపోయింది. మా ఆయనకు ఫోన్ చేసి ఇంకో వారం పడుతుందన్నాను. ఛార్జర్ ఉందా అన్నాడు.

మన్ననూరు దగ్గర అడవి మొదలవుతుంది. చెక్‌పోస్టు దగ్గర గార్డు మమ్మల్ని ఆపి, ఇద్దరే పోవద్దన్నాడు. "మొక్కా?" అని అడిగాడు.

"మొక్కే," అన్నాను.

"ఎవలది?"

"ఒకాయనది. ఆయన నడువలేడు."

అతను ఇంకేం అడగలేదు. వెనక వస్తున్న మాల వేసుకున్న భక్తుల గుంపును చూపించి, వాళ్లతో కలిసి పొమ్మన్నాడు. నాలుగు రోజులు వాళ్ల వెనకే నడిచాం. వాళ్లు దేవుణ్ని తలుచుకుంటూ కేకలు పెట్టేవాళ్లు, నేను బొబ్బల మీద కొబ్బరినూనె రాసుకునేదాన్ని. అక్క రెండో రోజుకే వాళ్లతో సమంగా కేకలు పెట్టడం మొదలుపెట్టింది. వాళ్లెవరూ ఆమెను కథ చెప్పమని అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

శ్రీశైలంలో పాతాళగంగ మెట్లు దిగి తువ్వాల ముంచాను. తడి తువ్వాల భుజాన వేసుకుని అక్క గుడి వరసలో నిలబడింది. నేను బయట రెండు సంచుల పక్కన కూర్చుని, నాకు తెలిసినట్టు ఆయన తుంటి కోసం ప్రార్థన చేశాను. వేరే దేవుడి గుమ్మం ముందు కూర్చుని చేయడం తప్పో ఒప్పో మా పాస్టరుగారిని ఇంతవరకు అడగలేదు.

తిరుగు బస్సులో ఆ ఊరి దగ్గర దిగాం. ఇంటావిడ చేతికి తువ్వాల ఇచ్చి, అక్క ఆపబోయినా వినకుండా, మా ఆయనకు ఏ ఆపరేషనూ కాలేదని చెప్పేశాను.

"నాకెర్కే," అందామె. "ఫోన్ల గొంతు ఇన్న. గుండె కోసినోడు గంత లొల్లి పెడ్తడా?"

"మరి తువ్వాల ఎందుకిచ్చినవ్?"

"మొక్కు లేకపోతేంది. నడుస్తున్రు కద."

మంచం మీది మనిషి తువ్వాల తీసుకుని అంచు నుంచి అంచు దాకా చూశాడు. "ఎన్ని దినాలైంది?" అన్నాడు. ఇంటి నుంచి మొత్తం పద్నాలుగు రోజులని చెప్పాను. "ఈడికెల్లి నేను నాలుగు దినాలల్ల పోయేటోన్ని," అన్నాడు. తర్వాత అడవిదారిలో వట్వర్లపల్లి దగ్గర బోరింగు పనిచేస్తుందా అని అడిగాడు. పనిచేస్తోందన్నాం. ఘాట్ రోడ్డు దగ్గర కోతులు ఎక్కువైనయా అన్నాడు. ఎక్కువే అన్నాం. ఎక్కడ పడుకున్నాం, ఎన్ని గంటలకు లేచాం, డ్యామ్ దిగాక ఎటునుంచి ఎక్కాం, అన్నీ అడిగాడు. మేం చెప్పేకొద్దీ మోచేతుల మీద లేస్తూ, చివరికి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేం ఎక్కిన దారి తప్పని, కుడివైపు పాత కాలిబాట ఉందని, దానితో గంటసేపు కలిసొచ్చేదని కోప్పడ్డాడు. అక్క దుమ్ములో పుల్లతో దారి గీస్తుంటే, ఆయన మంచం మీంచి చెయ్యి చాపి ఇటు కాదు అటు అని దిద్దాడు.

బయట హైదరాబాద్ బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఇంటావిడ లోపలికి పోయి జొన్నపిండి కలపడం మొదలుపెట్టింది.