నుదుటి మీది నజరానా రూపాయి

నాంపల్లి మీదుగా మెట్రో నడవడం మొదలైన మరుసటి వానాకాలంలో నన్ను ఆబిడ్స్‌లోని మా ప్రభుత్వ కార్యాలయానికి, నాణేల విభాగంలోకి బదిలీ చేశారు. హోదా సీనియర్ సాంకేతిక సహాయకుడు. పేరు పెద్దదే గాని, గదిలో ఉన్నది నేనూ, ఒక తక్కెడా, రెండు భూతద్దాలూ, ఒక ఇనప బీరువా. అంతే. పదవీ విరమణ ఏడాది దూరంలో ఉంది. నాణెం చూడడంలో నన్ను మించినవాడు లేడనే గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

బుధవారాలు జనం తమ దగ్గరున్న పాత నాణేలు తెచ్చి చూపించుకోవచ్చు. మేం తూచి, కొలిచి, అభిప్రాయ పత్రం ఇస్తాం. అందులో బరువు, లోహం, టంకశాల అన్నీ రాశాక, చివరి గడిలో అసలో నకిలీయో ఒక్క మాట రాసి సంతకం పెట్టాలి. తగాదా ఉన్న నాణెమైతే ఇద్దరు కక్షిదారులూ ఎదుట ఉండగానే పరీక్ష జరగాలి.

అలా ఒక బుధవారం ఇద్దరు వచ్చారు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, పప్పుల టోకు వ్యాపారం చేసే వీరేశం, డెబ్బై దాటినవాడు. వెంట ఆయన చనిపోయిన తమ్ముడి భార్య సుగుణ. కోఠి దగ్గర ఒక బడిలో లెక్కల టీచరు. ఒకే ఇంట్లో ఆయన కింద, ఆవిడ పైన. దారంతా మాట్లాడుకోకుండా వచ్చినట్టు ముఖాలే చెబుతున్నాయి.

వీరేశం ఎర్రగుడ్డ విప్పి నాణెం బల్ల మీద పెట్టాడు. వెండి నజరానా రూపాయి. పాత రోజుల్లో నాణేలు చేత్తో కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది కాబట్టి మామూలు రూపాయి మీద అక్షరాలు అంచుల్లో తెగిపోతాయి. దర్బారులో కానుకగా ఇచ్చే నజరానా రూపాయి మాత్రం వెడల్పుగా చేసి, ఫారసీ అక్షరాలు మొత్తం పడేట్టు కొట్టేవారు. అరుదు కాబట్టే వీటికి నకిలీలు ఎక్కువ.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి సరాఫు, వెండి బంగారాల వర్తకుడు, నేర్పాడు: మంచి వెండి ఒంటి వేడిని ఇట్టే లాగేసుకుంటుంది. అరచేతులు మొద్దుబారి ఉంటాయి కాబట్టి నుదుటికి ఆనించి చూడమనేవాడు. ఇది శాస్త్రం కాదు, పత్రంలో దీనికి గడీ లేదు. అయినా నలభై ఏళ్లకు దగ్గరగా అదే చేస్తున్నాను. ఆ రోజూ తల వెనక్కి వాల్చి, నాణెం నుదుటి మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

గదిలో కుర్చీ కీచుమంది. కళ్లు తెరిస్తే వీరేశం లేచి నిలబడి ఉన్నాడు. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్, ముందుగాల గా రూపాయి తియ్యిన్రి," అన్నాడాయన. "గది మా ఇంట్ల సచ్చిపోయినోళ్ల నొసట పెట్టే బిళ్ల."

తీసేశాను. ఆయన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల కుటుంబంలో ఎవరు పోయినా ఈ రూపాయే నుదుట పెడతారు. పాడెను దింపుడు కళ్లెం దగ్గర దించి, చనిపోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, పలకకపోతే అప్పుడు బిళ్ల తీసి ఇంటికి తెస్తారు. చివరి చావు ఏ వాటాలో జరిగితే, మళ్లీ చావు దాకా అది ఆ వాటాలోనే ఉండాలి. సుగుణ భర్త పోయి మూడేళ్లు. అప్పటి నుంచి అది ఆవిడ బీరువాలో ఉంది. ఈమధ్య ఆస్తి పంపకాలకని వీరేశం దాన్ని అడిగి తీసుకుని ఆబిడ్స్‌లో ఒక నాణేల వ్యాపారికి చూపిస్తే, ఇది నకిలీ అన్నాడట. ఇంకేముంది, మరదలు అసలుది అమ్ముకుని దొంగది పెట్టిందని ఆయన తీర్మానించేశాడు. మీరు కూడా నకిలీ అని కాగితం మీద రాసిస్తే ఆవిడ పైవాటా ఖాళీ చెయ్యాలి, ఆపైన పోలీస్‌స్టేషనే అన్నాడు.

ఆవిడ ఒక్క మాటే అంది: "నేను మార్చలే సార్. అంతకన్నా నాకు చెప్పొస్తలేదు."

నిజం చెప్పొద్దూ, నాకు మతి సగం నుదుటి మీదే ఉంది. వెండి క్షణాల్లో ఒంటి వేడికి రావాలి. ఇది ఎంతసేపైనా వెచ్చబడలేదు. వానాకాలపు చలి అని సర్దిచెప్పుకుని పనిలో పడ్డాను. బరువు సరిపోయింది. నీళ్లలో తూచి చూస్తే వెండిపాలు కాస్త తక్కువ. భూతద్దం కింద అక్షరాల అంచులు పదునుగా లేవు. అంచుకు దగ్గరగా, కొమ్ము తిరిగిన ఒక అక్షరం పక్కన, చిన్న గుంట కనిపించింది. కరిగిన లోహంలో గాలి బుడగ మిగిల్చే గుంట. అంటే ఇది కొట్టింది కాదు, పోత పోసింది. పైగా ఒక ముఖం బాగా అరిగి, అక్షరాల సందుల్లో పసుపు మరక ఉంది. కొత్త నాణేన్ని పాతగా చూపడానికి మోసగాళ్లు ఇలాంటి పూతలు పూస్తారు. "నకిలీ. కృత్రిమంగా పాతబరచినది" అని రాసి సంతకం పెట్టాను. వీరేశం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుగుణ ఆయన వెనకే బయటికి నడిచింది.

సాయంత్రం నాంపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కాను. కిటికీ అద్దంలో నా ముఖం, నుదుటి మధ్య గుండ్రటి ఎర్రని గుర్తు. పక్కనున్నాయన రెండుసార్లు చూసి ఇంకో సీటుకు మారాడు. ఇంటికెళ్లి సబ్బుతో రుద్దాను, పోలేదు. పొద్దున్న లేచేసరికి పోయింది. భయపడ్డానా అంటే, భయపడ్డాను.

ఆ భయం తగ్గాకే బుర్ర పనిచేసింది. మోసగాడు పూత పూస్తే రెండు వైపులా పూస్తాడు. ఒకే ముఖానికి పసుపెందుకు? ఓరి నా తెలివి తెల్లారా! శవం నుదుటికి పసుపు రాసి, దాని మీద బిళ్ల అంటిస్తారు. ఎప్పుడూ ఒకే ముఖం లోపలికి పెట్టి, తీశాక తుడిచి తుడిచి ఆ ముఖమే అరిగింది. వీరేశం నోరారా చెప్పాడు, నేను చెవిన పెట్టలేదు. అది మూడేళ్లలో వచ్చే అరుగుదల కాదు. వెంటనే ఆయనకు ఫోన్ చేసి, ఈ నాణేనికి పాత ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగాను.  "ఉన్నయి సార్. గాని అవి చూసే ఫోటోలు కావు," అన్నాడు.

మరుసటి బుధవారం ఆ ఫోటోలూ, నాణెమూ తెచ్చాడు, వెంట సుగుణ కూడా వచ్చింది. వాళ్ల ఇంట్లో ఎవరు పోయినా, ఎత్తే ముందు ఫోటో తీయించడం రివాజట. ఆబిడ్స్ స్టూడియో అట్టలకు అంటించిన నాలుగు నలుపు తెలుపు బొమ్మలు. ఐదోది సుగుణ ఫోన్లో ఉంది. వాటిని బల్ల మీద వరసగా పేర్చుకున్నాను. ఐదుగురు. అందరి నుదుటా అదే రూపాయి. అంతమంది వరసగా ఒకే పోలికతో, సగం తెరిచిన కళ్లతో చూస్తుంటే, పట్టపగలు, బయట ఆటోల హారన్లు మోగుతుండగా, నా ఒళ్లు జలదరించింది.

ముందుగా వీరేశం తాతగారి ఫోటో. పాత పెద్ద కెమెరాల బొమ్మలు కొత్తవాటికన్నా స్పష్టంగా ఉంటాయి. ఆయన కనురెప్పల మీదుగా భూతద్దం జరుపుతూ నుదుటి దాకా వెళ్లాను. కొమ్ము తిరిగిన అక్షరం, పక్కనే గుంట. తరువాతిది నాయనమ్మది. గుంట. తండ్రిది, తల్లిది. గుంట, గుంట. భూతద్దం వీరేశం చేతికిచ్చి ఆయన్నే చూడమన్నాను. తల్లి ముఖం దగ్గర ఆయన చాలాసేపు ఆగిపోయాడు.

చివరిది సుగుణ భర్తది. ఆవిడ ఆ ఫోటో తీసినప్పటి నుంచి ఒక్కసారి కూడా తెరవలేదట. తనే తెరిచి, తనే వేళ్లతో పెద్దది చేసి, చూపులు గోడ వైపు పెట్టుకుని ఫోన్ మా ముందుకు జరిపింది. అక్కడా అదే గుంట.

నాణెం నకిలీయే. కానీ మార్చినది కాదు. వీరేశం తాతగారు పోయేనాటికే అది ఆ ఇంట్లో ఉంది. ఎవరు ఎవరిని మోసం చేసినా, అప్పటికి సుగుణ తల్లి కూడా పుట్టలేదు. వీరేశం జేబులోని మొదటి పత్రం అడిగి తీసుకుని, "కృత్రిమంగా పాతబరచినది" అన్న మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కింద రెండు వాక్యాలు చేర్చాను. చదివి వినిపించాను.

వీరేశం మరదలి వైపు చూడలేదు. నాణేన్నే చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "అందరికీ దొంగ బిళ్లనే పెట్టినమా? మరి రేపు నాకేం పెడ్తరు?"

సుగుణ ఎర్రగుడ్డ అందుకుని నాణేన్ని మూట కట్టుకుంది. ఆచారం ప్రకారం అది ఇంకా ఆవిడ దగ్గరే ఉండాలి.

"గిదే పెడ్తం బావగారు," అంది. గొంతులో కోపం లేదు. "నేను జాగ్రత్తగ దాస్త. మీరు ఫికర్ చెయ్యకున్రి."

ఆయన పత్రం అందినట్టు రసీదు మీద సంతకం పెట్టడానికి కలం తీసుకున్నాడు గాని, మూడుసార్లు ప్రయత్నిస్తే తప్ప పేరు కుదరలేదు.

తరువాత మిగిలిన ఏడాదిలో ఏ నాణెం వచ్చినా, తూచే ముందు తెచ్చినవాళ్లను ఒక ప్రశ్న అడిగేవాణ్ని: మీకు తెలియాల్సింది ఇది ఎక్కడ పుట్టిందోనా, ఇన్నాళ్లూ ఎక్కడ ఉందోనా అని. మొదటిదానికి తక్కెడ, భూతద్దం చాలు. రెండోదానికి మనుషులు చెప్పేది వినాలి. ఆ బుధవారం నేను వినలేదు. ఆ వారం రోజులూ ఆ ఇంట్లో ఎవరూ సుగుణ చేతి మంచినీళ్లు తాగలేదని తరువాత తెలిసింది. నకిలీ అని నేను రాసిన మాట తప్పు కాదు. అయినా దానితో ఒక మనిషి ఏడు రోజులు దొంగగా బతికింది.