రెబెకా తర్వాత తాగే పాత్ర

తోడేలు మనిషంటే ఏమిటని రామసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో అడిగి చూడండి. మనిషి తోడేలుగా మారే కథలేవీ చెప్పరు. వేలెత్తి రెబెకా ఇల్లు చూపిస్తారు. ఆ మాట పుట్టిందే ఆమె వల్ల. పుట్టించిందెవరో వింటే ఒళ్లు మండుతుంది.

పాతికేళ్ల కిందటి మాట. అప్పటికి రెబెకాకు కలకడలో పెళ్లి సంబంధం కుదిరివుంది. ఒకనాడు వరసకు చెల్లెలైన లిడియాతో కలిసి చెనక్కాయల చేను గట్టున గడ్డి కోస్తోంది. చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో లిడియా చంటిబిడ్డ కెల్విన్. పట్టపగలే తోడేలొచ్చి బిడ్డను గుడ్డతో సహా లాక్కుపోతుంటే కన్నతల్లి కొయ్యబారిపోయింది. కొడవలితో ఉరికింది రెబెకా. ఒక్క దెబ్బకు తోడేలు బిడ్డను వదిలేసి, ఆమె చెంపా చెయ్యీ చీల్చి పారిపోయింది.

మదనపల్లె ఆసుపత్రిలో సూదులు వేయించుకుని తిరిగొచ్చిన రోజే రెబెకా బిడ్డను చూడబోయింది. ఎత్తుకుందామని చేతులు చాచింది. లిడియా బిడ్డను అదుముకుని వెనక్కి జరిగింది.

“ముట్టుకోవద్దక్కా! తోడేలు కరిస్తే దాని గుణం మనిషికొస్తాదంట. నువ్విప్పుడు తోడేలు మనిషివి.”

అదీ ఆ మాట పుట్టుక! ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. బిడ్డ తల్లే అన్నాక ఊరు ఊరుకుంటుందా? కలకడ సంబంధం తప్పిపోయింది. టమాటా కోతలకు పోతే ఆమె చెంబు వేరు. ఆఖరికి చర్చిలోనూ అంతే. ప్రభు భోజనం నాడు అందరూ ఒకే పాత్రలో ద్రాక్షరసం తాగుతారు. రెబెకాను మాత్రం వరుసలో చివర నిలబెట్టారు, ఆమె పెదవి తగిలాక ఇంకెవరూ తాగకుండా.

అయితే పాత్రలో మిగిలింది పారబోయకూడదు, పాస్టరే తాగాలి. ముసలి పాస్టరు కరుణాకర్ అంచు తుడవకుండానే తాగేవాడు. ఆమె తర్వాత తాగిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. ఆ ఒక్క గుటక కోసమే రెబెకా అన్నీ దిగమింగి చర్చికి వచ్చేది.

నిరుడు ఆయన పోయాడు. ఆ స్థానంలోకి వచ్చిందెవరనుకున్నారు? బైబిలు కాలేజీలో చదివొచ్చిన కెల్విన్! రెబెకా సంబరం చూడాలి. తాను బతికించిన బిడ్డ తన తర్వాత తాగడా? పెట్టెలోని మంచి చీర తీసి ఉతుక్కుంది.

ఆదివారం ఎప్పటిలాగే వరుస చివర నిలబడింది. బల్ల దగ్గరికొచ్చి చూస్తే పాత్ర లేదు. పళ్లెం నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు. ఎవరిది వాళ్లకే.

ఆరాధన అయ్యాక వరండాలో టీ తాగుతున్న కెల్విన్ ఆమెను పిలిచి, పాత పాత్రను చేతిలో పెట్టాడు.

“దీంతో ఇంక పని లేదు పెద్దమ్మా. నీకోసమే ఈ గ్లాసులు పెట్టించినా. ఎవురికీ భయముండదు, నిన్ను చివర నిలబెట్టే పనీ ఉండదు. ఇది నువ్వే ఉంచుకో.”

పైగా మేలు చేశానని మురిసిపోతున్నాడు, మహానుభావుడు!

రెబెకా కుళాయి దగ్గర పాత్రలో నీళ్లు పట్టింది. సగం తాగి అతని ముందు చాచింది.

“నువ్వు తాగు నాయనా. ఒక్క గుటక.”

కెల్విన్ పాత్ర అంచు వంక చూశాడు. పక్కనున్న తల్లి లిడియా వంక చూశాడు.

“ఈ పొద్దు ఉపవాసముండాను పెద్దమ్మా,” అన్నాడు. టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

రెబెకా ఆ నీళ్లు క్రోటన్ మొక్క మొదట్లో పోసి, పాత్రను మెట్టు మీద బోర్లించింది.

“తోడేలే మేలప్పా,” అంది. “ఒక్క దెబ్బకు నిన్ను వదిలేసి పోయింది. మీయమ్మ అన్న మాట నన్నింకా పట్టుకోనే ఉండాది.”