సుంకమ్మ పెన్నుకు పూయని మైనం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దునే అవ్వ చెనక్కాయలు ఒలిచే కూలికి పోయేది. నేను అరుగు మీద ఒక సత్తుగిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని, ఇంకు పెన్నుల పాళీలు నానేసి కూర్చునేదాన్ని. ఎండిపోయిన ఇంకు మెల్లగా నీళ్ళలోకి దిగుతుంటే చూస్తూ ఉండటమే నా ఆట. ఆడుకోవడానికి ఇంకెవరున్నారు గనక...

వానల్లేక అమ్మా నాయనా బెంగళూరుకు కట్టడం పనులకు పోయారు. నన్ను గోరంట్ల దగ్గర అవ్వ ఊళ్ళో దించేశారు. ఐదో తరగతి మధ్యలో వచ్చి చేరిన పిల్లను ఎవరు కలుపుకుంటారు? తొక్కుడుబిళ్ళకు జట్లు కట్టేటప్పుడు నన్ను లెక్కలోకే తీసుకునేవాళ్ళు కాదు. నాకూ బింకం ఎక్కువే... నోరు తెరిచి అడిగేదాన్ని కాదు.

పెన్ను పాడైతే మాత్రం అందరికీ నేనే గుర్తొచ్చేదాన్ని. వేరే పని లేక నా పెన్నును వందసార్లు విప్పి బిగించి నేర్చుకున్న విద్య అది. పాళీ చీలికలో తలవెంట్రుక దూర్చి గసి తీయడం, గీరుకునే పాళీని పలక మీద నున్నగా అరగదీయడం... కారే పెన్నుకైతే పాళీ భాగాన్ని తిప్పి బిగించే మరకు నూలుపోగు చుట్టి, దాని మీద కొవ్వొత్తి మైనం పూసి బిగించాలి. ఇక ఏడాది దాకా చుక్క బయటికి రాదు. పని కాగానే పెన్ను లాక్కుని పరుగెత్తేవాళ్ళు పిల్లలు.

సుంకమ్మ ఒక్కతే పోకుండా కూర్చుంది. గొర్రెలు మేపుకునే వాళ్ళ పిల్ల, నా తరగతే. వాళ్ళ నాయన కదిరి సంతలో కొనిచ్చిన పచ్చ పెన్ను కారుతోందని తెచ్చింది. మరకు నూలు చుట్టాక, ఎట్లా రాస్తుందో చూద్దామని పాత క్యాలెండరు వెనక ఆమె చెయ్యి బొమ్మ గీశాను. తడివేలితో గీత మీద రుద్దితే ఇంకు పరుచుకుని నీడ వచ్చింది. సుంకమ్మ కళ్ళు ఇంతింత చేసుకుని చూసి, గొర్రెపిల్లను గియ్యమంది. గీస్తే కుక్కపిల్ల వచ్చింది! ఇద్దరం పడీ పడీ నవ్వాం. అవ్వ ఊరికి వచ్చాక నేను అంతగా నవ్వడం అదే మొదలు.

ఇక మైనం పూసి ఇచ్చేయడమే మిగిలింది. ఇచ్చేస్తే ఈ పిల్ల మళ్ళీ ఎందుకొస్తుంది? ఆ భయంతో ఒక పాపిష్టి పని చేశాను... మైనం పూయకుండానే బిగించి ఇచ్చేశాను.

ఉత్త నూలు నాలుగు రోజులే ఆగుతుంది. అనుకున్నట్టే వచ్చే ఆదివారం వేళ్ళనిండా ఇంకుతో సుంకమ్మ వచ్చింది. ఆ పై ఆదివారం కూడా. వాళ్ళ గొర్రెల దొడ్డి, రాగిసంగటి కెలికే మా అవ్వ, ఎండిన చెనక్కాయ చేను... ఆ పచ్చ పెన్నుతోనే ఎన్ని గీశామో. అలా రెండేళ్ళు... ఒక్కసారైనా మైనం పూయలేదు.

ఏడో తరగతి పరీక్షలకు మాత్రం పూయాలనే అనుకున్నాను, నిజంగా. కానీ ఆ ముందు ఆదివారం గొర్రెలు ఈనుతున్నాయని ఆమె రాలేదు. వాళ్ళిల్లు రెండు వీధుల అవతలే. కొవ్వొత్తి ముక్క పట్టుకుని నేనే పోయి ఉండొచ్చు. ఆమె రావాలి గానీ నేను పోవడమేంటని కూర్చున్నాను. నా బింకం మండిపోను...

లెక్కల పరీక్షలో ఇంకు కాగితం మీద పారింది. తుడిచిన కొద్దీ అలుక్కుపోయి, చేసిన లెక్క ఒక్కటీ కనబడలేదట. బయటికొచ్చి నీలం చేతులు రెండూ చూపించి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, నిజం మాత్రం చెప్పలేదు.

పరీక్ష తప్పింది. వాళ్ళ నాయన ఆమెను గొర్రెల వెంట పంపాడు. ఆ ఎండాకాలమే మేత కోసం మందతో మడకశిర వైపు పోయి, అక్కడే ఉండిపోయారు. మళ్ళీ ఆదివారాలు వచ్చాయి... సుంకమ్మ రాలేదు.

నేనిప్పుడు కదిరిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పాత సామాన్ల అంగళ్ళలో దొరికిన ఇంకు పెన్నులు బాగుచేసి, వాటితో బొమ్మలు గీసి ఇక్కడ, ఈ గ్రూపులో పెడుతుంటాను. బాగున్నాయని మీరంటారు. అవి చూసుకున్నప్పుడల్లా నాకు మాత్రం సుంకమ్మే గుర్తొస్తుంది.

పోయిన నెల ఉండబట్టలేక, వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ, మడకశిర వైపు ఆమెను వెతుక్కుంటూ పోయాను. బాగుచేసిన పెన్ను ఒకటి తీసుకెళ్ళాను. సుంకమ్మ చూడగానే గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని దొడ్డి నీడలో కూర్చోబెట్టింది. పెన్ను చేతికిస్తే, అది చూసి తనే మాట ఎత్తింది.

"ఆ పచ్చ పెన్ను గుర్తుండాదా మే? పనికిరాని పెన్ను కొనిచ్చి నా సదువు పాడు చేసినావని మా నాయనతో కొట్లాడినా. ఆయప్ప సచ్చేదాకా సరిగ్గా మాట్లాడలే."

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ చెప్పేశాను... మైనం సంగతి, ఎందుకు పూయలేదో ఆ సంగతి, అంతా.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పిలిచింటే ఊరికే వచ్చేదాన్ని కదా మే," అంది. "మా నాయన ఉన్నప్పుడన్నా సెప్పకపోతివి."

అంతే. పెన్ను నా ఒళ్ళో పెట్టి, కట్టె తీసుకుని గొర్రెల వెంట పోయింది. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఇప్పుడు పెన్ను పాడైతే పారేసి ఇంకొకటి తీసుకుంటాం. దాని కోసం ఒకరి అరుగు ఎక్కే పనే లేకుండా పోయింది... మీ చిన్ననాటి నేస్తాల దగ్గర మీరూ ఇట్లాంటిది ఏమైనా దాచి ఉంటే ఇక్కడ రాయండి. కాదు... ముందు వాళ్ళకే చెప్పండి. వాళ్ళ నాయనలు బతికుండగానే చెప్పండి.